చెరి సగం మాత్ర

కొత్తగా సర్కారు ఆసుపత్రుల్లో చేరుతున్న కుర్ర డాక్టర్లకు ముందే ఒక మాట. ఈ సంగతి నేను చల్లగా చెప్పలేను. రిటైరయితే మనిషి మెత్తబడతాడంటారు గానీ, నా విషయంలో బీపీ మాత్ర డోసు పెరిగింది తప్ప కోపం పిసరంత తగ్గలేదు. సర్జన్‌గా ఎన్నో గడ్డలు కోశాను, పేగులు కుట్టాను, మధ్యలో కరెంటు పోతే సెల్‌ఫోను వెలుగులో కుట్లు వేశాను. వాటి గురించి అడిగితే నవ్వుతూ చెబుతాను. ఈ ఒక్కదాని గురించి మాత్రం పళ్ళు కొరుక్కుంటూ చెబుతాను, ఏమీ అనుకోకండి.

నా చివరి పోస్టింగు మార్కాపురం వైపు. త్రిపురాంతకం నుంచి, గిద్దలూరు నుంచి, ఇటు దర్శి నుంచి కూడా జనం వచ్చి పడే ఆసుపత్రి. ఓ మే నెల మధ్యాహ్నం ఓపీ ముగిసి, నేను చేతులు కడుక్కుంటుంటే ఒక మనిషి లోపలికి వచ్చి తలుపు తనే మూశాడు. ముప్పై దాటి ఉంటాయి. రివటలా ఉన్నాడు. బయట ఎండకు తారు కరిగిపోతోంది, అతను బనీను, దానిమీద చొక్కా, దానిమీద ఇంకో దొడ్డు చొక్కా వేసుకుని, మెడ నుంచి తువ్వాలు ముందుకు వేలాడేసుకుని ఉన్నాడు. పొద్దున్నుంచీ వరండాలోనే కూర్చున్నాడట, అందరూ పోయేదాకా.

"ఏమయ్యా, ఏంటి బాధ?" అన్నాను.

"సార్, రొమ్ములు కోసెయ్యాల," అన్నాడు.

చొక్కాలు విప్పించాను. రెండు పక్కలా పెరిగి ఉన్నాయి, పదమూడేళ్ళ ఆడపిల్లకు వచ్చినంత. ముట్టుకుంటే నొప్పి అన్నాడు. త్రిపురాంతకం పక్క పల్లె అతనిది. మార్కాపురంలో పలకల యూనిట్‌లో రాయి కోసే మిషను మీద పని. ఆ దుమ్ముకీ వేడికీ అక్కడ మగవాళ్ళందరూ పై బట్ట విప్పేసి పని చేస్తారు. ఇతనొక్కడే విప్పడు.

"ఏంది రా కొత్త పెండ్లికూతురు లెక్క కప్పుకుంటావు అంటారు సార్. ఎన్ని దినాలని దాచిపెట్టేది? శ్రావణంలో నాకు పెండ్లి. ఆ లోపల కోసెయ్యండి, మీ కాళ్ళు మొక్కుతా."

"ఇన్నాళ్ళూ పెళ్ళి చేసుకోలేదా?"

"అయింది సార్. ఆమె ఇంట్లనే ఉంది. పిల్లలు కాలేదు. ఆషాఢం లోపల నెల నిలిస్తే సరే, లేకుంటే ఈమెను పుట్టింటికి పంపించి వెలిగండ్ల పక్క పిల్లను చేసుకోవాలని మా అమ్మ మాట ఇచ్చేసింది."

"మరి నీకు పరీక్షలు ఏమైనా చేయించారా?"

అతను నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. బస్సెక్కినవాణ్ణి పట్టుకుని విమానం టికెట్టు అడిగినట్టు చూశాడు. "నాకెందుకు సార్?" అన్నాడు.

అక్కడ మొదలైంది నా కోపం. ఈ "నాకెందుకు సార్" నేను ఉద్యోగమంతా విన్నాను. పిల్లలు కాని ఆలుమగలు వస్తే ఆడమనిషిని బల్ల మీద పడుకోబెడతారు, మగమనిషి బయట టీ తాగుతుంటాడు. వీర్య పరీక్షంత సులువైన పరీక్ష ఆడవాళ్ళ వైపు ఒక్కటీ లేదు. చిన్న సీసా, కాస్త చాటు, అంతే. నొప్పి లేదు, సూది లేదు. అయినా ఆ సీసా మాటెత్తితే చాలు, మీసాలు లేస్తాయి. ఆడమనిషికి మాత్రం గొట్టాలు దూర్చి, రంగు నీళ్ళు ఎక్కించి, మత్తిచ్చి పొట్టకు కన్నాలు పెట్టి చూస్తారు. అప్పుడు ఎవరి పరువూ పోదు.

అతన్ని పూర్తిగా పరీక్ష చేశాను. వృషణాలు రెండూ మెత్తబడి, ఉండాల్సిన దానికంటే చిన్నవై ఉన్నాయి. గడ్డం పలచబడింది, వారానికొకసారి గీసుకున్నా సరిపోతోందట. ఇంకా ఏమైనా ఉందా అంటే తల వంచుకుని, "ఆ ధ్యాసే లేదు సార్, రెండేండ్లయింది. రెండో పెండ్లి అంటే ఒణుకు పుడుతోంది," అన్నాడు. ఒణుకు పుడుతున్న మనిషికి పెళ్ళి, ఏ తప్పూ తెలియని మనిషికి పుట్టిల్లు. ఇదీ వాళ్ళ ఇంట్లో కుదిరిన న్యాయం.

మందులేమైనా వాడుతున్నావా అని అడిగాను. లేదన్నాడు. నాటు వైద్యం, చూర్ణాలు? లేదన్నాడు. బలానికని ఎవరైనా ఏమైనా ఇచ్చారా? "నాకేం రోగముందని సార్, మాత్రలు తినడానికి?" అన్నాడు. అబద్ధం చెప్పే ముఖం కాదు. నిజంగానే అతను అబద్ధం చెప్పలేదు, ఆ సంగతి తర్వాత.

మా ఆసుపత్రిలో ఇద్దరితో మాట్లాడాను. ఒకాయన మత్తు డాక్టరు, మార్కాపురం ముస్లిముల ఇంటి మనిషి, కోపమొచ్చినా సంతోషమొచ్చినా మాట దక్కనీలోకి జారిపోయేది. "అరే సాబ్, సబ్ పానీకా ఖేల్ హై," అని తేల్చేశాడు. మా ప్రాంతంలో ఏ రోగమొచ్చినా మొదటి ముద్దాయి నీళ్ళే. ఫ్లోరైడ్ ఎముకలు వంచుతుంది గానీ రొమ్ములు పెంచదు మహాశయా అన్నాను. అయితే పలకల దుమ్ము అన్నాడు. రెండో మనిషి మా లేడీ డాక్టరు, కాన్పుల వార్డు చూసే ఆవిడ. ఊహాగానాలు చెయ్యలేదు. "అతని సీసా పరీక్ష చేయించండి, హార్మోన్లు పంపించండి. భార్యను నా దగ్గరికి రమ్మనండి," అంది.

భార్య వచ్చింది. ఆ అమ్మాయి గిద్దలూరు పక్క నుంచి కోడలిగా వచ్చింది. చూసి పంపాక లేడీ డాక్టరు నా గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడకు కోపమొస్తే గొంతు తగ్గుతుంది.

"సార్, ఈ పిల్లకు చెయ్యని పరీక్ష లేదు. గొట్టాల పరీక్ష రెండుసార్లు చేశారు. పొట్టలో కెమెరా పెట్టి చూశారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. అయినా పట్నం నుంచి వారం వారం వచ్చే సంతాన క్యాంపు వాళ్ళు మూడేళ్ళుగా గర్భసంచి పొర మందం పెరగాలని హార్మోను రాస్తూనే ఉన్నారు. మొగుణ్ణి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

ఆ మాట విన్నప్పుడే మాకు తట్టి ఉండాల్సింది అనిపిస్తుంది ఇప్పుడు. తట్టలేదు. ఆమె మందు ఆమెది, అతని రోగం అతనిది అనుకున్నాం. చదువుకున్న వాళ్ళం గదా, అలాగే అనుకుంటాం.

సీసా పరీక్షకు అతన్ని ఒప్పించడానికి ఒక వారం పట్టింది. ఫలితం సున్నా. ఒక్క వీర్యకణం లేదు. హార్మోన్ల ఫలితం ఒంగోలు నుంచి వచ్చింది. ఈస్ట్రోజెన్ ఆకాశంలో ఉంది, మగ హార్మోను నేల మీద ఉంది, మెదడు నుంచి వృషణాలకు వచ్చే రెండు హార్మోన్లు దాదాపు లేవు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పక తప్పదు. ఈస్ట్రోజెన్ ఆడవాళ్ళ హార్మోను అని అందరికీ తెలుసు. మగవాడి ఒంట్లోనూ కాస్త ఉంటుందని, వీర్యం తయారీకి ఆ కాస్త అవసరమేనని చాలామందికి తెలియదు. ఎక్కువైతేనే గొడవ. వృషణాలకు పని చెప్పేది మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి. ఒంట్లో హార్మోను చాలినంత ఉందనిపిస్తే అది ఆజ్ఞలు ఆపేస్తుంది. మిద్దె మీద ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు చేసుకుంటారు చూడండి, అలా. ట్యాంకు ఖాళీగా ఉన్నా నిండిందని అబద్ధపు కబురు పోతుంటే మోటారు ఎందుకు తిరుగుతుంది? నెలల తరబడి తిరగని మోటారు బిగుసుకుపోతుంది. వృషణాలు మెత్తబడి చిన్నవవుతాయి, వీర్యకణాల తయారీ నిలిచిపోతుంది, కోరిక చస్తుంది, రొమ్ములు పెరుగుతాయి.

ఎక్కువవడానికి కారణాలున్నాయి. బాగా లావెక్కితే కొవ్వే దాన్ని తయారుచేస్తుంది. తాగి లివరు చెడితే అది ఒంట్లోంచి బయటికి పోదు. కండల కోసం సూదులు పొడిపించుకునే కుర్రాళ్ళలో ఆ మందే కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. మా వాడికి కొవ్వు లేదు, తాగుడు లేదు, జిమ్ము ముఖం ఎరగడు. ఇక మిగిలింది ఒక్కటే, వృషణంలో దాక్కుని ఈ హార్మోను తయారుచేసే గడ్డ. అరుదు, కానీ ఉంటుంది. స్కానింగు చేయించాం. ఒక పక్కన ఏదో చిన్న నీడ ఉందని, అనుమానంగా ఉందని చెప్పారు. స్కానింగు వాళ్ళకు ఎప్పుడూ అనుమానమే, దాన్ని కోసి తీర్చుకోవాల్సింది మేము.

గుంటూరు పొమ్మన్నాను. "గుంటూరు పోతే ఊరంతా తెలిసిపోతాది సార్. ఇక్కడైతే వరిబీజం ఆపరేషన్ అని చెప్పుకుంటా," అన్నాడు. తెరిచి చూస్తామని, గడ్డ అయితే ఆ పక్క వృషణం తీసెయ్యాల్సి రావచ్చని చెప్పాను. "తియ్యండి. దాంతోపాటు రొమ్ములు కూడా తియ్యండి," అన్నాడు. సున్నా సంగతి మాత్రం ఇంట్లో చెప్పొద్దన్నాడు.

"నీ భార్యకు కూడానా?"

"ఆమెకు అస్సలే వద్దు సార్."

నాకు ఒళ్ళు మండింది. "ఆ పిల్లను పంపించేస్తున్నారు గదయ్యా! తప్పు తనదనుకుని పోతుంది. వెలిగండ్ల పిల్ల వచ్చినా ఇంతే గదా, మూడేళ్ళయ్యాక ఆమెనూ పంపిస్తావా?"

ఏడ్చాడు. కానీ చెప్తానని అనలేదు. రోగి రహస్యం బయట పెట్టకూడదని మాకు చదువు నేర్పింది, అది మంచి నియమమే. ఆ రోజు మాత్రం ఆ నియమాన్ని తిట్టుకుంటూ నోరు మూసుకున్నాను. లేడీ డాక్టరు కూడా ఆ అమ్మాయిని చూసిన ప్రతిసారీ నోరు కట్టేసుకుని ఉండాల్సి వచ్చింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే వార్డుకు వెళ్ళాను. ఇక ఏమీ తినకూడదు, తాగకూడదు అని హెడ్ నర్సు రాత్రే అందరికీ వినబడేలా చెప్పి ఉంది. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన అతని తల్లి, అరవై దగ్గర ఉంటాయి, ఎముకలు తేలిన గట్టి మనిషి. కాస్త అవతల గోడకానుకుని భార్య. నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ తల్లి తూర్పుకు తిరిగి దండం పెట్టి, కొంగు ముడి విప్పి ఒక మాత్ర తీసింది. దాన్ని కొంగులో చుట్టి, బట్టతో సహా పళ్ళ మధ్య పెట్టుకుని పుటుక్కున కొరికింది. చిన్నప్పుడు పిప్పరమెంటు పంచుకోవడానికి మనమందరం చేసిన పనే, కాకి ఎంగిలి. బట్ట అడ్డముంటే ఎంగిలి కాదు. ఒక ముక్క కొడుకు నోట్లో పెట్టింది. రెండో ముక్క కోడలు దోసిట్లో వేసింది. ఇద్దరూ మింగేశారు. తీర్థం పుచ్చుకున్నట్టు అరచేయి తలకు రాసుకున్నారు కూడా.

హెడ్ నర్సు అరిచింది. "ఏం తినొద్దని రాత్రంతా మొత్తుకుంటి గదా పెద్దమ్మా! ఏం పెడితివి?"

"తిండి కాదు తల్లీ. మాత్ర."

"ఏం మాత్ర?"

"పిల్లల మాత్ర. కోడలిది."

నేను వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. "కోడలిదైతే వీడికెందుకు పెట్టావమ్మా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఏంది సారూ అట్లంటావు? బిడ్డ ఒక్కదానికే పుడతాడా? కోటప్ప గుళ్ళో అయ్యవారు నిమ్మకాయ ఇస్తే ఆలూమొగుడు చెరి సగం తింటారా లేదా? ఒక్కరు తింటే ఫలముంటాదా? ఇది కూడా అంతే. మూడు పూటలా నేనే నా చేత్తో కొరికి ఇద్దరికీ పెడతా. మూడేండ్లుగా ఒక్క పూట తప్పలేదు."

"మూడు పూటలా? నెలంతానా?"

"డాక్టరు నెలలో కొన్ని దినాలే అన్నాడు. మధ్యలో ఆపితే ఫలం పోతాదని నేను ఆపనియ్యలేదు."

కొంగులో మిగిలిన మాత్రల అట్ట అడిగి తీసుకుని చూశాను. ఈస్ట్రోజెన్. అదీ చిన్న డోసు కాదు. నేను పక్కనున్న ఖాళీ మంచం మీద కూర్చుండిపోయాను. గడ్డ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఇంకో గంటలో నేను కత్తి పట్టుకుని, ఆ పిచ్చివాడి బీజాన్ని వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

"నిన్ను ఎన్నిసార్లు అడిగాను?" అని కేకేశాను అతని మీద. వార్డంతా తిరిగి చూసింది. "మాత్రలు తింటున్నావా అని ఎన్ని రకాలుగా అడిగాను?"

"అవి నావి కాదు గదా సార్," అన్నాడు అతను, అమాయకంగా. "ఆమెవి."

మత్తు డాక్టరు వచ్చి సంగతి విని, "యా అల్లా!" అని తల పట్టుకుని, ఆపరేషన్ రద్దు చేసి వెళ్ళిపోయాడు. లేడీ డాక్టరును పిలిపించాను. మేమిద్దరం ఆ ముగ్గుర్నీ వెనక వరండాలోకి తీసుకెళ్ళాం. ఇప్పుడైనా చెప్పమంటావా అని అతన్ని అడిగాను. తల ఊపాడు. అప్పుడు చెప్పాను, ఏదీ దాచకుండా. సున్నా అనే మాట కూడా.

తల్లి నమ్మలేదు. నమ్మకపోగా ఎదురు తిరిగింది. "ఆడదానికి మేలు చేసే మందు మొగోనికి చెడు ఎట్ల చేస్తాది? నా కొడుకు మొగోడు సారూ!"

"నీకు చేను ఉందా?"

"ఉంది. కంది ఏస్తాం."

"వరికి పెట్టినట్టు కందికి నీళ్ళు నిలబెడితే ఏమవుతుంది?"

వేరు కుళ్ళి చస్తుందని ఆమెకు నేను చెప్పనవసరం లేదు, చేను చేసే మనిషి. తన కుడి చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. ఆ చేత్తోనే గదా మూడేళ్ళు పెట్టింది. నాకు ఆమె మీద కోపం నిలవలేదు. ఆమె చదువుకోలేదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. చదువుకున్న వాళ్ళు చీటీ రాసి చేతులు దులుపుకున్నారు.

అప్పటిదాకా నోరు విప్పని కోడలు లేడీ డాక్టరు వైపు తిరిగింది. "అయితే నాలో లోపమేం లేదా మేడం?"

"లేదమ్మా. ఎప్పుడూ లేదు."

"ఆ మాట గొట్టాలు పెట్టక ముందు ఎవరన్నా చెప్పి ఉండొచ్చు గదా మేడం," అంది. ఏడవలేదు. అరవలేదు. మాకిద్దరికీ తల ఎత్తడానికి ముఖం లేకపోయింది.

లేడీ డాక్టరు అప్పుడు ఒక ప్రశ్న అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. "పెళ్ళయిన కొత్తలో ఈ మాత్రలు లేవు గదా, అప్పుడెందుకు నిలవలేదు? ఇద్దరూ కలిసే ఉన్నారా?"

లేరు. అతను పెళ్ళయిన పదో రోజు బెంగళూరు వెళ్ళిపోయాడు, బిల్డింగు పనికి. ఉగాదికి నాలుగు రోజులు, దసరాకు నాలుగు రోజులు వచ్చేవాడు. అలా మూడేళ్ళు. మూడేళ్ళకూ పిల్లలు కాలేదని ఊరు గుసగుసలు పోతే, అతన్ని వెనక్కి పిలిపించి, పలకల పనిలో పెట్టి, అదే నెలలో కోడల్ని క్యాంపుకు తీసుకెళ్ళింది తల్లి. క్యాంపు వాళ్ళు ఒక్క మాట అడిగి ఉంటే చాలు, మీరిద్దరూ ఎన్నాళ్ళు ఒక ఇంట్లో ఉన్నారని. అడిగి, మందులేమీ వద్దు, ఇంటికి పోయి కాపురం చేసుకోండని పంపి ఉంటే చాలు. రోగం లేని ఇద్దరికి వైద్యం మొదలుపెట్టి, ఆ వైద్యంతోనే రోగం తెప్పించి, ఆ రోగానికి ఆ పిల్లను దోషిని చేశారు.

ఆ క్యాంపు డాక్టరుకు ఫోను చేశాను. చక్కని గొంతు. "మేం భార్యకు రాశాం సార్. భర్త మింగితే మేమేం చేస్తాం?" అన్నాడు. భర్తను ఎందుకు పరీక్షించలేదంటే, "వాళ్ళు ఒప్పుకోరు సార్, పేషెంట్లు వేరే చోటికి పోతారు," అన్నాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలో, ఫోనులోంచి చెయ్యి చాపి చెంప వాయించాలో తెలియలేదు. మందుల దుకాణం శెట్టిని అడిగాను. "క్యాంపు చీటీ ఉంది గదా సార్," అన్నాడు. చీటీ ఎప్పటిదని అడిగితే మాట మార్చి నా ఆరోగ్యం అడిగాడు.

మాత్రలు ఆపించాం. శ్రావణంలో పెళ్ళి ఆగింది, అది ఆపింది తల్లి కాదు, కొడుకు కాదు, కోడలు. పుట్టింటికి పోతూ చెప్పింది. "ఆయన పరీక్ష మామూలుగా వచ్చినాకనే ఈ గడప తొక్కుతా. ఈలోపల ఎవరిని తెచ్చుకున్నా ఆ పిల్లకు నేనే పోయి చెప్తా, సున్నా సంగతి." బెదిరింపు అనుకుంటే బెదిరింపే. దానికంటే న్యాయమైన బెదిరింపు నేను వినలేదు.

అబద్ధపు కబురు ఆగితే మోటారు మళ్ళీ తిరుగుతుంది, కానీ వెంటనే కాదు. వీర్యకణం తయారవడానికే రెండు మూడు నెలలు పడుతుంది. కొందరికి అస్సలు తిరగదు కూడా, అందుకని మేము మాట ఇవ్వలేదు. మొదటి పరీక్షలో మళ్ళీ సున్నా వచ్చింది. అతను ఆ రోజు వరండాలో కూర్చుని లేవలేకపోయాడు. తర్వాతి దాంట్లో కొన్ని కనబడ్డాయి. చలికాలం పోయేసరికి పిల్లలు పుట్టే లెక్కలోకి వచ్చాడు. గిద్దలూరు బస్సెక్కి భార్యను తీసుకొచ్చుకున్నాడు. మరుసటి ఏడు లేడీ డాక్టరు చేతుల మీదుగా మగబిడ్డ పుట్టాడు. రొమ్ములు మాత్రం నొప్పి పోయి కాస్త తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. చాలాకాలం ఉంటే లోపల పీచుకట్టి ఉండిపోతుంది. కోసేస్తాను రమ్మంటే, పనులున్నాయి సార్ అని వాయిదా వేస్తూ పోయాడు. ఇంతలో నేను రిటైరయ్యాను.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ రాత రాసేవాణ్ణి కాదు.

మొన్నామధ్య మార్కాపురంలో అదే శెట్టి దుకాణంలో బీపీ మాత్రల కోసం నిలబడ్డాను. నా పక్కన ఒక ఆడమనిషి, త్రిపురాంతకం వైపు మనిషే, పాత అట్ట ముక్క ఒకటి చూపించి, ఇదే మాత్ర కావాలంది. శెట్టి చూడకుండానే లోపలికి చెయ్యి పెట్టాడు. నేను అట్ట చూశాను. మళ్ళీ అదే.

"ఎవరికమ్మా ఇది?"

"నా కొడుక్కు, కోడలికి అన్నా. చెరి సగం పెట్టాలంట. పలకల యూనిట్‌లో చేసే ఆయన ఇంట్లో ఇట్లనే మూడేండ్లు తింటే మగబిడ్డ పుట్టినాడంట."

"ఎవరు చెప్పారు? వాళ్ళ అమ్మా?"

"కాదు. ఆయనే చెప్పినాడు."

ముసలామె చెప్పిందంటే అర్థం చేసుకుందును. కోడలు చెప్పే ప్రశ్నే లేదు. వాడు! నా ముందు ఏడ్చినవాడు, వరండాలో కూలబడ్డవాడు, నాది సున్నా అని చెప్పుకోలేక, మాత్ర పనిచేసిందని ఊరంతా చాటుతున్నాడు. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది తల్లులు ఇప్పుడు కొంగు అడ్డం పెట్టి మాత్రలు కొరుకుతున్నారో దేవుడికే తెలియాలి.

శెట్టి తీసిన కొత్త అట్టను అతని చేతిలోంచి లాక్కుని బల్ల మీద కొట్టాను. ఆమెను ఆటో ఎక్కించి నేరుగా పలకల యూనిట్‌కు తీసుకెళ్ళాను. మిషన్లు రొద పెడుతున్నాయి, దుమ్ము తెరలు తెరలుగా లేస్తోంది. అందరూ పై బట్ట లేకుండా పని చేస్తున్నారు. అతనొక్కడే చొక్కాలో ఉన్నాడు. నన్ను చూసి మిషను ఆపి వచ్చాడు, నవ్వుతూ. పక్కన ఉన్నామెను చూడగానే నవ్వు పోయింది.

"ఈమె నీ మాట విని కొడుక్కు మాత్ర కొనడానికి వచ్చింది," అన్నాను. "నేను ఏమీ చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు. నువ్వేం చెప్పాలో చెప్పు."

"సార్, ఇక్కడ వద్దు సార్. అందరున్నారు."

"మూడేళ్ళు నీ పెళ్ళాన్ని అందరూ గొడ్రాలు అన్నప్పుడు నువ్వూ ఆ అందరిలోనే ఉన్నావు."

పక్క మిషను మనిషి కూడా ఆపి చూస్తున్నాడు. తర్వాత ఇంకొకడు ఆపాడు. రొద తగ్గింది. నేను ఇక తిరిగి వెళ్ళిపోదామనుకుంటుండగా అతను గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. పై చొక్కా తీశాడు. లోపలి చొక్కా తీశాడు. బనీను కూడా తలమీదుగా లాగి రాళ్ళ మీద పడేశాడు. అన్నేళ్ళుగా ఎవరికీ చూపించని ఛాతీ, పట్టపగలు, పనివాళ్ళందరి ముందు.

"చూడు అత్తా," అన్నాడు ఆమెతో. "ఆ మాత్ర చేసిన పని ఇది. అది తిన్నంతకాలం నా దాంట్లో ఒక్క పురుగు కూడా లేదు. ఆపినాకనే బిడ్డ పుట్టినాడు. నేను సిగ్గుపడి అబద్ధం చెప్పినా. నీ కొడుక్కు పెట్టొద్దు."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. వాడి పక్కనున్న పెద్ద మనిషి వాడి నెత్తిన ఒక్కటి వేశాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు కోయించుకుంటావా అని నేను అడగలేదు. ఇదంతా రాసుకోవచ్చా అని మాత్రం తర్వాత అడిగాను. రాయండి సార్, పేరు మాత్రం వద్దు అన్నాడు.

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. చేతిలో ఉన్న అట్ట ముక్కను నలిపి, ఎక్కడ పారెయ్యాలో తెలియక దుమ్ములో పడేసింది. తర్వాత నా వైపు తిరిగి, చుట్టూ మగవాళ్ళున్నారని కూడా చూడకుండా, మామూలు గొంతుతో అడిగింది.

"అయితే అన్నా, నా కొడుక్కు ఏం పరీక్ష చేయించాల?"

నా ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న కోసం ఎదురుచూశాను. ఒక్క తల్లి కూడా అడగలేదు. అడిగిన మొదటి మనిషి ఈమే, అప్పటికి నేను రిటైరై రెండేళ్ళయింది. ఆటో మళ్ళీ పిలిచి, ఇద్దరం ఎక్కి, లేడీ డాక్టరు ఉన్న ఆసుపత్రికి పోనిమ్మన్నాను.